ఎడమ పక్క సిరాబుడ్డి

అద్దం చట్రం మీద పైనుంచి కిందికి మూడుసార్లు కుంచె ఆడించి, మూలల్లో చెక్కిన ఆకుల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు కుంచె మామయ్య. ఒక్కొక్క ఆకునూ పసిపిల్ల చెవి తుడిచినట్లు తుడిచాడు. రాలిన దుమ్మును కుడిచేతిలోని సన్నటి గొట్టం మెత్తగా పీల్చుకుంది. గొట్టం మూతికి కట్టిన పలచటి గుడ్డ మీద బూడిదరంగు పొర మిగిలింది. దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకుని, నిన్నటికంటే తక్కువే అనుకున్నాడు. నిన్న బడిపిల్లలు రాలేదు. వాళ్ళు రాని రోజు ఈ గదుల్లో దుమ్ము కూడా బద్ధకంగానే ఉంటుంది.

ఉదయం ఏడున్నర అయింది. సందర్శకులకు తలుపులు తెరవడానికి ఇంకా రెండున్నర గంటలుంది. అంతవరకూ ఆ పాత రాజభవనంలో తూర్పు వైపున్న ఐదు గదులూ అతనివే. పడకగది, అలంకరణ గది, అద్దాల గది, పుస్తకాల గది, చిట్టచివర రాజుగారు కూర్చుని రాసుకున్న రాతగది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గదుల్లోని ప్రతి వస్తువునూ రోజూ పలకరించేది అతనొక్కడే. ఆ మాటకొస్తే రాజుగారికి కూడా ఈ గదులతో అంత చనువు లేదు. ఆయన పాలించింది పంతొమ్మిదేళ్ళే, అందులోనూ సగం యుద్ధాలకే పోయింది.

మనిషి పొట్టి. ముఖం చూస్తే ఎక్కడో చూశామనిపిస్తుంది, ఎక్కడ చూశామో గుర్తురాదు. బూడిదరంగు చొక్కా జేబు మీద పేరు కుట్టి ఉంది గాని, ఉతుకుల్లో దారం వెలిసిపోయింది. కొత్తగా కుట్టించుకోమని ఎవరూ అనలేదు, అతనూ కుట్టించుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇరవై తొమ్మిదేళ్ళప్పుడే, ఎవరో 'కుంచె మామయ్య' అన్నారు. ఆ పిలుపు అలాగే అతుక్కుపోయింది. అదే ఏడు చేరి, వయసులో నాలుగు నెలలు మాత్రమే చిన్నవాడైన గైడు కూడా మామయ్యా అనే పిలుస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి దానికీ సర్దుకుపోయాడు.

కుంచె అతని ఎడమచేతిలో ఉంది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని కాదు. ఈ భూమ్మీద అతను ఎడమచేత్తో చేసేది ఈ కుంచె పనొక్కటే. అతని తండ్రి దర్జీ. కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటున్న కొడుకును చూసి 'పుర్రచెయ్యి' అని విసుక్కుని, కొలతల టేపుతోనే ఆ చేతిని కుర్చీకి కట్టేసి కూర్చోబెట్టేవాడు. మిగిలిన పని బళ్ళో మేష్టారి బెత్తం పూర్తి చేసింది. ఆరేళ్ళు నిండేసరికి పిల్లవాడు కుడిచేత్తో తినడం, రాయడం, తలుపు తట్టడం అన్నీ నేర్చేసుకున్నాడు. ఏ పనీ పొందికగా రాలేదు. అతని చేతిరాత ఈ నాటికీ కోడి గీతలే. అదంతా తన చేతకానితనమే అనుకుని పెరిగాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, చుట్టూ ఎవరూ లేని ఈ గదుల్లో, కుంచె దానంతట అదే ఎడమచేతిలోకి వెళ్ళింది. పింగాణీ కప్పు అంచు మీద, గడియారం ముల్లు మీద ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా నడిచిందో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళలో ఒక్క పెచ్చు ఊడలేదు, ఒక్క గీత పడలేదు. పది గంటలకు తలుపులు తెరుచుకునే వేళకి కుంచె కుడిచేతికి మారిపోయేది. పొద్దుటి పూట ఈ కాస్త స్వేచ్ఛ ఇచ్చినందుకు ఆ గోడలకు అతను రోజూ మనసులో కృతజ్ఞత చెప్పుకునేవాడు. ఎవరైనా వింటే నవ్విపోతారని పైకి అనలేదు.

ఆ ఉద్యోగానికి ఈ రోజే ఆఖరు.

ఆఖరి రోజుకు అక్కడొక పద్ధతి ఉంది. పదవీ విరమణ చేసేవాళ్ళు ఆ మధ్యాహ్నం రెండింటికి యూనిఫాం విడిచి మామూలు బట్టలు వేసుకుంటారు. ఇంటివాళ్ళతో కలిసి, పనివాళ్ళ తలుపులోంచి కాకుండా ముందు గేటులోంచి, టిక్కెట్టు చింపించుకుని లోపలికి వస్తారు. భవనంలోని మ్యూజియంలన్నీ మొదటినుంచి చివరిదాకా అందరిలాగే తిరిగి చూస్తారు. దాన్ని 'చుట్టు' అంటారు. ఇక్కడ ఎవరి గదుల్లో వాళ్ళకే పని. ఆయుధాల హాలు కాపలావాడు దుస్తుల మ్యూజియం ముఖం చూసి ఉండడు. కుంచె మామయ్య కూడా పడమటి వైపు ఇంతవరకూ అడుగు పెట్టలేదు. ఇంట్లో వారం రోజులుగా ఇదే మాట. భార్య కొత్త చెప్పులు కొనుక్కుంది. పటాలు గీసే ఆఫీసులో పనిచేసే కూతురు సెలవు పెట్టింది.

ఎనిమిదిన్నరకు రాతగదిలోకి వచ్చాడు. ఆకుపచ్చ మఖమల్ గుడ్డ పరిచిన పెద్ద బల్ల. దాని మీద దీపం, కాగితాలు ఎగరకుండా పెట్టే గాజుగుండు, ఇత్తడి ముద్ర, ఎడమ పక్క సిరాబుడ్డి, అందులో నిలబెట్టిన ఈక కలం. ప్రతి వస్తువు అడుగునా గుడ్డ మీద, బయటికి కనపడకుండా, తెల్లదారంతో చిన్న గుర్తు కుట్టి ఉంటుంది. రెండు చేతులతో ఎత్తాలి, దూది పరిచిన పళ్ళెంలో పెట్టాలి, తుడవాలి, ఎత్తిన గుర్తు మీదే దించాలి. ఈ ఉద్యోగంలోని చదువంతా అంతే.

"నమస్తే మామయ్యగారూ" అని వెనకనుంచి వినపడింది. కుంచె గబుక్కున కుడిచేతికి మారింది.

వచ్చింది మేడమ్. ఈ మ్యూజియంల బాధ్యత చూసే అధికారి. ఏడు నెలల కిందట వచ్చింది. అతని కూతురికంటే ఐదారేళ్ళు పెద్దదేమో. పాత దస్త్రాల మధ్య కూర్చుంటే భోజనం సంగతి కూడా మరిచిపోయే మనిషని పేరు.

"ఈ గదికి కొత్త బోర్డు పెడుతున్నాం" అంది, చేతిలో కాగితం అందిస్తూ. "తలుపు పక్కన, ఇత్తడి రేకు మీద చెక్కిస్తున్నాం. ఈ గది సంగతి మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు కదా. ఒకసారి చదివి, తప్పులుంటే చెప్పండి. రెండింటికల్లా చెక్కేవాళ్ళకి పంపాలి."

కాగితం పైన పెద్ద అక్షరాల్లో 'ఎడమచేతి రాజు' అని ఉంది. కింద పది వరుసలు. రాజుగారిది ఎడమచేతి వాటమనీ, ఆయన బల్ల మీద సిరాబుడ్డి ఎడమవైపున ఉండటమే అందుకు నిదర్శనమనీ రాసి ఉంది.

"చదివి చెప్తానండీ" అన్నాడు.

రాజుగారిది ఏ చేతి వాటమో ఆ కాగితానికి తెలియదు. అది చెబుతున్నది కుంచె మామయ్య చేతి సంగతే.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ బల్ల మీది పాత గుడ్డ చివికిపోతే కొత్తది పరిచారు. వస్తువులన్నీ ఎత్తి అతను పక్క గదిలో పెట్టాడు. పాత గుడ్డ మీది దారపు గుర్తులు కొలుచుకుని కొత్తదాని మీద అలాగే కుట్టుకోవాలి. కాని అతను భోజనానికి వెళ్ళొచ్చేలోగా పనివాళ్ళు ఆ గుడ్డను చింపి, నేల తుడుచుకునే పేలికలు చేసేశారు. ఎక్కడైనా ఫొటో ఉందేమో అని అడగవలసింది. అడిగితే, రోజూ తుడిచేవాడివి, ఏది ఎక్కడుందో తెలియదా అంటారని నోరు పెగల్లేదు. తెలుసుననే అతనూ అనుకున్నాడు. దీపం పెట్టాడు, గాజుగుండు పెట్టాడు, ముద్ర పెట్టాడు. సిరాబుడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. కుర్చీ వెనక నిలబడి, కళ్ళు మూసుకుని, రాజుగారు కలం కోసం ఎక్కడికి చెయ్యి చాపుతారా అని ఆలోచించి తన చెయ్యి చాపాడు. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి చాపిన చెయ్యి ఎడమది. బుడ్డిని అక్కడే దించి గుర్తు కుట్టేశాడు.

మర్నాడు గైడు జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బుడ్డి అంతకుముందు ఏ పక్కనుండేదో అతనూ ఎన్నడూ పట్టించుకోలేదు. అతను గాలిని పోగేసి మేడ కట్టగలడు. 'చూశారా, సిరాబుడ్డి ఎడమ పక్కనుంది, అంటే రాజుగారిది ఎడమచెయ్యి' అన్నాడు. నెల తిరిగేసరికి దానికి ఉప్పూ కారం దట్టించాడు. సంధిపత్రం మీద రాజుగారు ఎడమచేత్తో సంతకం పెడుతుంటే ఎదుటి దేశం రాయబారి నోరెళ్ళబెట్టాడన్నాడు. ఆ తర్వాత 'మీలో ఎడమచేతి వాళ్ళెవరు?' అని అడగడం మొదలుపెట్టాడు. చేతులెత్తిన పిల్లల్ని అందరికంటే ముందుకు పిలిచి, తాడు పక్కనే నిలబెట్టేవాడు.

ఆ మాట కుంచె మామయ్య చెవినా పడింది. చెప్పేద్దామని అప్పటి అధికారి గది గుమ్మందాకా రెండుసార్లు వెళ్ళి, నీళ్ళు నమిలి తిరిగొచ్చాడు. మూడోసారి వెళ్ళేలోగానే బడిపిల్లలతో కలిసి అతని కూతురు రాజభవనం చూడడానికి వచ్చింది. అప్పుడు దానికి ఏడేళ్ళు. దానిదీ ఎడమచేతి వాటమే. బళ్ళో టీచరు రోజూ పెన్సిలు లాక్కుని కుడిచేతిలో పెడుతోంది. ఇంటికొచ్చాక పిల్ల కంచం ముందు తల వంచుకుని కూర్చునేది. కుంచె మామయ్య చూస్తూ ఊరుకునేవాడు. నాదీ ఆ చెయ్యేనమ్మా అని చెప్పుకోవడానికి అతనికి సిగ్గు. ఆ సాయంత్రం మాత్రం పిల్ల ఎగురుకుంటూ వచ్చి, "నాన్నా, రాజుగారిది కూడా నా చెయ్యే" అంది. మర్నాడు టీచరుతోనూ అదే మాట చెప్పి పెన్సిలు వదల్లేదు. రాజుగారితో వాదన పెట్టుకునే ఓపిక ఆ టీచరుకు లేకపోయింది.

ఇప్పుడు కూతురికి ఇరవై తొమ్మిది. ఆ చేత్తోనే నదుల వంపులు, రోడ్ల మలుపులు వెంట్రుక వాసి తేడా లేకుండా గీస్తుంది. ఆఫీసులో తన బల్ల మీద అద్దం కింద ఈ రాతగది పోస్టుకార్డు పెట్టుకుంది.

ఇక ఏ నోటితో చెప్పగలడు? చెప్పలేదు. గైడు మాట గాలిమాట కదా, ఈ పూట విని రేపు మరిచిపోతారులే అని సర్దిచెప్పుకున్నాడు. కాని ఇత్తడి మీద చెక్కితే అది గాలిమాట కాదు. తన చేతికి చోటిచ్చిన ఇంట్లో తన తప్పును నిజంగా చెక్కించి వెళ్ళిపోవాలా? పోనీ చెప్పేస్తే, కూతురికి అండగా నిలబడ్డ రాజు ఇవాళ్టితో లేకుండా పోతాడు. రెండింటిలో ఏది చేసినా ఎవరికో ద్రోహమే. మధ్యాహ్నం రెండింటిలోపు తేల్చుకోవాలి.

తొమ్మిదిన్నరకు మెట్ల కింద టీ గ్లాసులతో కూర్చున్నప్పుడు ముందు గైడు చెవిన వేశాడు. గుడ్డ సంగతి, గుర్తు సంగతి చెప్పాడు. గైడు చేతిలోని గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"అంటే ఇన్నేళ్ళూ నేను చెప్పింది?"

"నా చేతి సంగతి. రాజుగారిది కాదు."

"నీ చెయ్యేంటి? నువ్వు కుడిచేత్తోనే కదా టీ తాగుతున్నావ్."

కుంచె మామయ్య గ్లాసును ఎడమచేతికి మార్చుకున్నాడు. అంతకంటే ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఆ తర్వాత, ఎవరికీ చెప్పని సంగతి, తండ్రి టేపుతో కట్టేసిన సంగతి కూడా చెప్పాడు.

గైడు ముందు నవ్వాడు. తర్వాత ముఖం ముడుచుకున్నాడు. "ఇరవై రెండేళ్ళు కడుపులో దాచుకున్నవాడివి, ఇంకో పూట దాచుకోలేవా మామయ్యా? నాకింకా నాలుగు నెలలుంది. రేపట్నుంచి జనానికి నేనేం చెప్పను? ఆ గదిలో ఏముంది, ఓ బల్లా ఓ కుర్చీ."

"అబద్ధం కదా."

"ఎవరికి నష్టం? తాడు దగ్గరికొచ్చి నిలబడే ఆ పిల్లల మొహాలు నువ్వు చూళ్ళేదు. ఆ వేళకి నువ్వు కింద కుంచెలు కడుక్కుంటుంటావు. నేను రోజూ చూశాను. వాళ్ళకేం చెప్తావ్? మీ అమ్మాయికేం చెప్తావ్?"

కుంచె మామయ్య మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు కడిగి బోర్లించి లేచాడు.

పదినుంచి పన్నెండున్నర దాకా నేలమాళిగలో కుంచెలు కడిగాడు. మేక వెంట్రుకల కుంచెలు ఎనిమిది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, వేళ్ళతో పిండి, వెంట్రుకలు కిందికి ఉండేలా తీగకు వేలాడదీశాడు. తలుపు వేసే ఉంది కాబట్టి ఎడమచేత్తోనే చేశాడు. ఈ ఇంట్లో తనకు దొరికినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చలికాలం పొద్దుల్లో పుస్తకాల గదిలో పడే నీరెండ, ఒక్కసారైనా గద్దించని పాత అధికారులు, కూతురి చదువు, భార్య ఆపరేషనుకు గైడు తన సెలవులు వదులుకుని ఆస్పత్రిలో కూర్చున్న రెండు వారాలు. అన్నిటికంటే ముందు, ఈ చెయ్యి పనికిమాలినది కాదని తెలిసిన ఆ మొదటి రోజు. ఇంత ఇచ్చిన చోట బొట్టంత అబద్ధమైనా వదిలి వెళ్ళడం అతనికి చాతకాలేదు. చేతులు తుడుచుకుని మెట్లెక్కాడు.

"తప్పులేమైనా ఉన్నాయా?" అంది మేడమ్, కంప్యూటరులోంచి తలెత్తకుండా.

"అక్షరాల్లో లేవండీ."

మేడమ్ తలెత్తింది.

నిలబడే చెప్పాడు. పాత గుడ్డ, పేలికలు, చాపిన చెయ్యి. అంతా కలిపి పది మాటలు కూడా లేవు. మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ పది వరుసల కోసం ఆమె ఎన్ని దస్త్రాలు తిరగేసిందో అతనికి తెలుసు. ఆమెకు కోపం వచ్చింది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమె ప్రయత్నించలేదు.

"అంతకుముందు ఎక్కడుండేది? కుడివైపా?"

"కుడివైపని చెప్పేస్తే సులువేనండీ. కాని నిజంగా గుర్తులేదు. నేను పెట్టిందే చూసి చూసి, ముందటిది చెరిగిపోయింది."

ఆమె లేచి, బీరువాలోంచి పాత వస్తువుల జాబితా తీసి చూసింది. 'రాతబల్ల మీద సిరాబుడ్డి ఒకటి' అని మాత్రమే ఉంది. ఏ పక్కనో రాయాలని ఎవరికీ తోచలేదు. గుడ్డ మార్చకముందు తీసిన ఫొటో కూడా ఒక్కటీ లేదు. ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు, అతను మరిచిపోయాడు.

ఆమె జాబితా మూసి, అతని చేతుల వంక చూసింది. తర్వాత అడిగింది.

"మీది ఎడమచేతి వాటమా?"

అరవై ఏళ్ళలో ఆ మాట అతన్ని ఎవరూ తిట్టులా కాకుండా అడగలేదు. "అవునండీ" అన్నాడు. అంత తేలిగ్గా అనేయగలిగిన మాట అని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

"చెప్పకుండా వెళ్ళిపోయుంటే నాకు తెలిసేది కాదు."

"ఈ ఇల్లు నాకు చాలా ఇచ్చిందండీ. దీన్ని మోసం చేసి వెళ్తే నాకు నిద్ర పట్టదు."

మేడమ్ కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది. "మీ చుట్టుకు టైమవుతోంది, వెళ్ళి రండి" అంది. ఏం చేయబోతోందో చెప్పలేదు, అడిగే ధైర్యం అతనికీ లేదు.

రెండింటికి ముందు గేటు దగ్గర భార్య, కూతురు నిలబడి ఉన్నారు. రోజూ చూసే గేటు మనిషే అతని టిక్కెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "సామాన్లు ముట్టుకోకూడదండీ" అని గంభీరంగా చెప్పి చింపి ఇచ్చాడు. చుట్టుకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ అతను అదే మాట అంటాడు.

పడమటి వైపు మ్యూజియంలు అతను ఊహించినదానికంటే పెద్దవి. ఆయుధాల హాలు, రాణుల దుస్తుల గదులు, గుర్రబ్బగ్గీల హాలు, మనిషి పట్టేంత రాగి గంగాళాల వంటశాల. అందరూ వస్తువులు చూస్తుంటే అతను మూలలు చూశాడు. బగ్గీ చక్రం వెనక, కవచం మెడ మడతలో, ఎక్కడా దుమ్ము లేదు. తనలాంటివాళ్ళు ఇంకెందరో పొద్దున్నే లేచి వస్తున్నారని ఆ చక్రాలు చూస్తే తెలిసింది. వాళ్ళ ముఖాలు తెలియవు గాని, అందరి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది.

"చూడ్డానికొచ్చారా, తనిఖీకొచ్చారా?" అంది భార్య. కొత్త చెప్పులు కరుస్తున్నాయి, కనపడిన బెంచీ మీదల్లా ఒకసారి కూర్చుంటోంది.

కూతురితో చెప్పాలని మూడుసార్లు మొదలుపెట్టాడు. దుస్తుల గదిలో "అమ్మాయీ" అని పిలిచి, ఆ జరీ ఎంత బాగుందో చూడమన్నాడు. బగ్గీల దగ్గర పిలిచి, చక్రాలు లెక్కపెట్టమన్నాడు. మూడోసారి కూతురే గడియారం చూసుకుంది.

"నాలుగవుతోంది నాన్నా, రాతగదికి పోదాం పద. గైడుగారు రాజుగారి కథ చెప్పేది వినాలి. చిన్నప్పుడు విన్నాను, మళ్ళీ వినలేదు."

కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. గైడు అప్పటికే పాతిక మందితో గదిలో ఉన్నాడు. వెనకగా వచ్చి నిలబడ్డ ముగ్గుర్నీ చూసి, ఒక్క క్షణం చూపు తిప్పుకున్నాడు.

"మీలో ఎడమచేతి వాళ్ళెవరు?" అని అడిగాడు.

ముగ్గురు పిల్లలు చేతులెత్తారు. మీసాలున్న భారీ మనిషి ఒకాయన, భార్య మోచేత్తో పొడిస్తే ఎత్తాడు. కూతురు కూడా నవ్వుతూ ఎత్తింది. గైడు అందర్నీ ముందుకు పిలిచి తాడు పక్కన నిలబెట్టాడు. కుంచె మామయ్య గోడకు ఆనుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ నిలబడి, రాజుగారిది ఎడమచెయ్యని చెప్తూ వచ్చాను" అన్నాడు గైడు. "నిజానికి ఆయనది ఏ చెయ్యో ఎవరికీ తెలీదు. ఆ సంగతి నాకూ ఇవాళే తెలిసింది."

జనం నవ్వారు. గైడు నవ్వలేదు.

"ఆ సిరాబుడ్డిని అక్కడ పెట్టింది ఈ బల్ల తుడిచే మనిషి. ఎడమచెయ్యి ఆయనది. చిన్నప్పుడు ఆ చేతిని కుర్చీకి కట్టేశారు. పనికిరాదన్నారు. ఆ చేత్తోనే ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ గదుల్లో ప్రతి వస్తువునీ రోజూ ఎత్తి, మళ్ళీ దించాడు. రాజుగారి రోజుల్లోనే ఆరు కప్పులు పగిలాయని దస్త్రాల్లో ఉంది. ఈయన చేతిలో ఒక్కటీ పగల్లేదు. సిరాబుడ్డి అక్కడే ఉంటుంది, బోర్డు మీద కూడా ఈ మాటే రాయిస్తామని మా మేడమ్ చెప్పారు."

ఆరు కప్పుల సంగతి ఏ దస్త్రంలోనూ లేదని కుంచె మామయ్యకు తెలుసు. నిజం చెప్పేటప్పుడు కూడా చిటికెడు ఉప్పు వేయకుండా గైడు నోరు ఊరుకోదు. అయినా ఆ మనిషి, ఉన్న ఒక్క మంచి కథనూ తన కోసం వదులుకున్నాడు.

తాడు పక్కనున్న పిల్లవాడు ఒకడు, "ఆయనెక్కడున్నారు?" అని అడిగాడు. గైడు పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. కూతురు మాత్రం మెల్లగా వెనక్కి తిరిగింది.

బయట వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు.

"నీదా నాన్నా?"

"ఊ."

"నాకెందుకు చెప్పలేదు?"

"రాజుగారిదంటే నీకు ధైర్యం వచ్చిందమ్మా. నాదంటే ఏమొస్తుందిలే అనుకున్నా."

ఆమె అతని ఎడమచేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ మధ్య చర్మం కుంచె కాడ ఒరుసుకుని నున్నగా ఉంది. అక్కడ వేలితో రాస్తూ కూర్చుంది.

"నాకు రాజెందుకు నాన్నా. నువ్వు చాలేవాడివి."

ఏడుపు ఆపుకుందామని చూశాడు గాని చేత కాలేదు. చెప్పులు విప్పి పాదం నొక్కుకుంటున్న భార్య ఆ వంక చూడకుండానే అంది.

"నాకు పెళ్ళైన వారానికే తెలుసు. నిద్రలో దోమను కొట్టేది ఆ చేత్తోనే."

"మరి నువ్వైనా చెప్పలేదేమ్మా?"

"ఆయన దాచుకున్నది నేను బయటపెట్టడం ఎందుకులే అని."

అతను ఏడుస్తూనే నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు తన రహస్యానికి కాపలా కాసినవాళ్ళిద్దరూ ఈ పూటే బయటపడ్డారు. ఒకటి ఈ ఇల్లు, రెండోది ఈవిడ.

బయటికి వెళ్ళే ద్వారం దగ్గర గుమస్తా సందర్శకుల పుస్తకం అతని ముందుకు తోశాడు. చుట్టు పూర్తి చేసినవాళ్ళు అందులో ఏదో ఒకటి రాసి వెళ్ళాలి. కుంచె మామయ్య లావు పాళీ కలం అందుకున్నాడు. ఒక్క క్షణం ఆగి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఆ చేత్తో అక్షరం రాసి యాభై నాలుగేళ్ళయింది. వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే దిద్దుకుంటూ రాశాడు. 'అన్నీ చాలా బాగున్నాయి, నన్ను ఇన్నాళ్ళు ఇక్కడ ఉండనిచ్చినందుకు కృతజ్ఞుణ్ణి.' రాసుకుంటూ పోతుంటే చెయ్యి వెనకే వచ్చి సిరాను అలికేసింది. చేతి అంచుకు అంటిన మరక చూసి కూతురు నవ్వి, తన చేతి అంచు చూపించింది. ఎంత కడిగినా పోని నీలం అక్కడా ఉంది.

ముగ్గురూ ముందు గేటు దాటి వీధిలోకి దిగారు. భార్య చెప్పులు చేత్తో పట్టుకుంది. జనంలో కలిసిపోయిన ఆ పొట్టి మనిషిని ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. అతనూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఐదు గంటలకు గుమస్తా బల్ల సర్దుకున్నాడు. పుస్తకం మూయబోయి ఆగాడు. ఆరేళ్ళ పిల్లవాడు రాసినట్లు వంకర్లు తిరిగిన రెండు వరుసలు, వాటి మీద అలుక్కుపోయిన సిరా ఇంకా ఆరలేదు. మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది. అందుకని కిటికీ వేసి, దీపాలు ఆర్పి, పుస్తకాన్ని మాత్రం బల్ల మీద తెరిచే ఉంచి వెళ్ళాడు.